గిన్నెలో ఊపిరితిత్తి

పిల్లలూ! ముందుగా ఒక చిన్న లెక్క చేద్దాం. గడియారం ఎదురుగా పెట్టుకుని, ఒక నిమిషంలో ఎన్నిసార్లు ఊపిరి పీలుస్తారో లెక్కపెట్టండి. మన ఊపిరిని మనమే గమనిస్తుంటే దాని వేగం మారిపోతుంది. కాబట్టి మీ పక్కవాడి ఊపిరిని వాడికి తెలియకుండా లెక్కపెడితే ఇంకా మంచిది. ఊరికే కూర్చున్న పెద్ద మనిషి నిమిషానికి సుమారు 15 సార్లు ఊపిరి తీసుకుంటాడు. ఒక్కో ఊపిరికి అర లీటరు గాలి లోపలికి పోతుంది. అంటే నిమిషానికి ఏడున్నర లీటర్లు, గంటకు 450 లీటర్లు, రోజుకు 10,800 లీటర్లు అన్నమాట! పొలం దున్నేవాడికి, పరుగెత్తేవాడికి ఇంకా ఎక్కువ.

మనం రోజుకు తాగే నీళ్ళు రెండు మూడు లీటర్లు. వాటిని వడకడతాం, కాచుకుంటాం, వాసన వస్తే పారబోస్తాం. పదివేల లీటర్ల గాలిని మాత్రం ఎట్లా ఉంటే అట్లా పీల్చేస్తాం. వేరే దారి లేదు కదా! ఆ గాలి వెంట వంటింటి పొగ, రోడ్డు దుమ్ము, లారీ పొగ, దోమల చుట్ట పొగ, చేలో కొట్టే మందుల తుంపర, బడిలో సుద్దముక్క పొడి (ఇది నా బోటివాళ్ళకు ప్రత్యేకం) అన్నీ లోపలికి పోతాయి. వీటిలో ఏది ఎంత హాని చేస్తుందో తెలిసేదెట్లా? ఎవరో ఒకరు పీల్చి చూడాలా?

ఇది కాలక్షేపానికి అడిగే ప్రశ్న కాదు. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాల్ నగరంలో ఒక పురుగుమందుల కర్మాగారం నుంచి మిథైల్ ఐసోసయనేట్ అనే విషవాయువు వెలువడి పేటలకు పేటలను కమ్మేసింది. వేలమంది చనిపోయారు. ఊపిరితిత్తులు, కళ్ళు దెబ్బతిని బతికినవారు అంతకు ఎన్నో రెట్లు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున మన విశాఖపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి నిద్రపోతున్నవారి ఇళ్ళలోకి ప్రవేశించి ప్రాణాలు తీసింది. అటువంటి వేళ ఆసుపత్రిలో వైద్యునికి రెండు సంగతులు తెలియాలి. ఈ పదార్థం ఊపిరితిత్తిలో ఏ భాగాన్ని పట్టుకుంటుంది? ఎంత మోతాదులో పట్టుకుంటుంది? ప్రమాదం జరిగాక పుస్తకాలు వెతికితే లాభం లేదు. ముందే ఎవరో పరీక్షించి రాసిపెట్టి ఉండాలి. ఈ పని చేసే శాస్త్రాన్నే విషశాస్త్రం అంటారు.

ఊపిరితిత్తి లోపల

పరీక్ష సంగతి తరువాత. పరీక్షించవలసిన అవయవాన్ని ముందు చూద్దాం.

గొంతు నుంచి దిగిన వాయునాళం రెండుగా చీలుతుంది. ఆ రెండూ మళ్ళీ రెండేసిగా, అవి మళ్ళీ రెండేసిగా, ఇట్లా 20 సార్లకు పైగా చీలుతూ పోతాయి. చిట్టచివర ద్రాక్షగుత్తుల మాదిరిగా వాయుగోణులు ఉంటాయి. ఇవి మన ఛాతీలో 30 కోట్లకు పైగా ఉన్నాయి. వాటి గోడలన్నిటినీ విప్పి నేలమీద పరిస్తే 70 చదరపు మీటర్లకు తక్కువ రాదు. ఏడు మీటర్ల వెడల్పు, పది మీటర్ల పొడవు ఉన్న తరగతి గది నేల అంత! ఈ గోడకు ఇవతల గాలి, అవతల రక్తం. నడుమ అడ్డు సుమారు అర మైక్రాన్ మాత్రమే. మీ తల వెంట్రుక మందంలో నూరో వంతు కూడా ఉండదు. ప్రాణవాయువు సులువుగా దాటిపోవటానికి ఇంత పలుచని అడ్డు కావాలి. అయితే ప్రాణవాయువుకు తెరిచిన తలుపు విషానికీ తెరిచినట్టే.

దారి పొడవునా కాపలా లేకపోలేదు. శ్వాసనాళాల లోపలి గోడ మీద శైలికలున్న కణాలు బారులు తీరి ఉంటాయి. శైలికలంటే కంటికి కనిపించని సన్నని నూగు. వాటి నడుమ జిగురువంటి శ్లేష్మాన్ని తయారుచేసే కణాలు ఉంటాయి. లోపలికి వచ్చిన దుమ్ము ఈ జిగురుకు అంటుకుంటుంది. శైలికలు సెకనుకు పది సార్లకు పైగా, అన్నీ ఒకే వైపుకు, గాలికి వరిచేను వంగి లేచినట్టు కదులుతూ ఆ జిగురును గొంతు వైపుకు తోసేస్తాయి. మనకు తెలియకుండానే దాన్ని మింగేస్తుంటాం. ఈ పొర అడుగున మరొక రకం కణాలున్నాయి. వీటిని ఆధార కణాలందాం. పైన కణాలు చచ్చిపోయినప్పుడు ఇవి విభజన చెంది కొత్తవాటిని తయారుచేస్తాయి. ఈ ఆధార కణాలను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వీటితో పని ఉంది.

వాయుగోణుల్లో శైలికలు లేవు, శ్లేష్మమూ లేదు. అక్కడ గోడలో ఎక్కువ భాగం అప్పడం వంటి పలుచని కణాలే. మధ్యమధ్య గుండ్రంగా ఉండే మరో రకం కణాలు సబ్బునీటి వంటి ఒక పదార్థాన్ని స్రవిస్తాయి. అదే లేకపోతే తడి గోడలు ఒకదానికొకటి అతుక్కుని వాయుగోణి ముడుచుకుపోతుంది. ఇంతదాకా చొరబడిన దుమ్మురేణువులను మింగేయటానికి భక్షక కణాలు తిరుగుతుంటాయి.

చూశారా! ఊపిరితిత్తి అంటే ఒక సంచి కాదు, రకరకాల కణాలున్న ఒక ఊరు. ఒక విషం శైలికలను ఆపేయవచ్చు, మరొకటి అప్పడం కణాలను కరిగించవచ్చు, ఇంకొకటి భక్షక కణాలను మాత్రమే చంపవచ్చు.

ఎలుక చెప్పిన సాక్ష్యం

విషానికీ మందుకూ తేడా మోతాదులోనే ఉందని 16వ శతాబ్దంలోనే స్విట్జర్లాండు వైద్యుడు పారసెల్సస్ చెప్పాడు. ఉప్పు లేని కూర తినలేం, గుప్పెడు ఉప్పు మింగితే బతకలేం. కాబట్టి విషశాస్త్రంలో మొదటి ప్రశ్న ఎప్పుడూ "ఎంత?" అన్నదే. దీనికి అంకెల్లో జవాబు చెప్పే పద్ధతిని 1927లో ఇంగ్లండులో ట్రెవన్ అనే శాస్త్రజ్ఞుడు ప్రవేశపెట్టాడు. పరీక్షకు పెట్టిన జంతువుల్లో సరిగ్గా సగం చనిపోయే మోతాదు ఎంతో కనుక్కోవటమే ఆ పద్ధతి. పీల్చే పదార్థాలకైతే సగం జంతువులు చనిపోయే గాఢత ఎంతో చూస్తారు.

ఇప్పటికీ చాలా పదార్థాలను పరీక్షించే తీరు ఇది. ఎలుకను ఒక సన్నని గొట్టంలోకి ఎక్కిస్తారు. ముక్కు మాత్రం గొట్టం చివర బయటికి ఉంటుంది. ఆ ముక్కుకు పరీక్షించే పదార్థం కలిసిన గాలి తగిలేట్టు చేస్తారు. 90 రోజుల పరీక్షలో ఇట్లా రోజుకు 6 గంటలు, వారానికి 5 రోజులు. మూడు వేర్వేరు గాఢతలకు మూడు గుంపులు, మంచి గాలి పీల్చే గుంపు ఒకటి, మొత్తం నాలుగు. గుంపుకు 10 మగ ఎలుకలు, 10 ఆడ ఎలుకలు. అంటే ఒక్క పదార్థానికి కనీసం 80 ఎలుకలు. చివరకు వాటన్నిటినీ చంపి, ముక్కు మొదలుకొని ఊపిరితిత్తి దాకా పలుచగా కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు.

ఎలుక మీద జాలి అందరికీ రాదు. ధాన్యం బస్తాలున్న ఇంట్లో అసలే రాదు. అయినా గొట్టంలో బిగించి మూడు నెలలు విషం పట్టించటం, బోనులో పడ్డ ఎలుకను పారేయటం ఒకటి కాదు. 1959లో రసెల్, బర్చ్ అనే ఇద్దరు ఇంగ్లండు శాస్త్రజ్ఞులు జంతు ప్రయోగాలపై ఒక పుస్తకం రాసి మూడు నియమాలు ప్రతిపాదించారు. జంతువు అవసరంలేని పద్ధతి ఉంటే దాన్నే వాడాలి. లేకపోతే వీలైనన్ని తక్కువ జంతువులతో సరిపెట్టాలి. తప్పనిసరిగా వాడిన వాటికి బాధ తగ్గించాలి. ఇంగ్లీషులో ఈ మూడు మాటలూ 'ఆర్' అక్షరంతోనే మొదలవుతాయి.

జాలి సంగతి అటుంచి, సాక్ష్యం సంగతి చూద్దాం. ఈ పాఠం చెబుతుంటే మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "మాస్టారూ! ఎలుక ముక్కూ మన ముక్కూ ఒకటేనా?" అని అడిగింది. మంచి ప్రశ్న! ఒకటి కాదు. ఎలుక ముక్కుతో మాత్రమే ఊపిరి పీలుస్తుంది, నోటితో పీల్చలేదు. దాని ముక్కు లోపల ఎముక చుట్టలు మన ముక్కులో కంటె చాలా చిక్కుగా ఉంటాయి. వాసనలతో బతికే జీవి కదా! అందువల్ల కాస్త పెద్ద రేణువులన్నీ ఎలుక ముక్కులోనే చిక్కుకుంటాయి. మనమో, బరువు మోస్తున్నప్పుడు, జలుబు చేసినప్పుడు నోరు తెరుస్తాం. ముక్కు అనే జల్లెడను తప్పించుకుని ఆ రేణువులు తిన్నగా గొంతులోకి, ఛాతీలోకి పోతాయి. శ్వాసనాళాలు చీలే తీరు కూడా ఎలుకలో వేరు, మనలో వేరు. కాబట్టి ఎలుక అబద్ధం చెప్పదు కాని, ఎలుక సంగతి చెబుతుంది. మనకు కావలసింది మన సంగతి.

శరీరం బయట బతికే కణాలు

కణాలను శరీరం బయట పెంచవచ్చునని మొదట చూపించినవాడు అమెరికాకు చెందిన రాస్ హారిసన్. 1907లో ఆయన కప్ప పిండం నుంచి చిన్న నరాల ముక్క తీసి, ఒక చుక్క ద్రవంలో వేలాడదీసి, దాని నుంచి నరపు తంతువు పెరగటం సూక్ష్మదర్శినిలో చూశాడు. మనిషి కణాలను పెంచటం మాత్రం చాలాకాలం కుదరలేదు. కొన్నాళ్ళు బతికి చచ్చిపోయేవి. 1951లో అమెరికాలో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీకి వచ్చిన కాన్సర్ గడ్డ నుంచి తీసిన కణాలు మొదటిసారిగా ఆగకుండా విభజన చెందుతూ పోయాయి. ఆమె ఆ ఏడే చనిపోయింది. ఆమె కణాలు ఇప్పటికీ ప్రపంచమంతా పెరుగుతున్నాయి. ఆమెను గాని, ఆమె కుటుంబాన్ని గాని అనుమతి అడగలేదన్న సంగతి కూడా మీరు తెలుసుకోవాలి.

ఊపిరితిత్తికి సంబంధించి ఇట్లాంటి కణాలు 1972లో దొరికాయి. అమెరికాలో 58 ఏళ్ళ మనిషి ఊపిరితిత్తిలోని కాన్సర్ గడ్డ నుంచి వాటిని వేరుచేశారు. ఎ549 అని పేరు పెట్టారు. ఖర్చు తక్కువ, త్వరగా పెరుగుతాయి. వీటి మీద వచ్చిన పరిశోధనలకు లెక్కలేదు. అయితే ఇవి కాన్సర్ కణాలు. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి గోడ కట్టినట్టు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని గోడ కట్టవు. శైలికలు లేవు, శ్లేష్మమూ సరిగా లేదు. దొంగను సాక్షిగా పిలిచినట్టు, వీటి మాట కొంత నమ్మవచ్చు, అంతా నమ్మలేం.

ఇంకొక చిక్కు కూడా ఉంది. గిన్నెలో కణాలను పెంచేటప్పుడు వాటి మీద పోషక ద్రవం పోస్తారు. కణాలు అడుగున మునిగి ఉంటాయి. కాలేయ కణానికి ఇది పరవాలేదు, శరీరంలో కూడా అది తడిలోనే ఉంటుంది. ఊపిరితిత్తి కణానికి ఒక వైపు గాలి తగలాలి కదా! నీటమునిగిన ఊపిరితిత్తి ఏం ఊపిరితిత్తి? పొగను పరీక్షించాలంటే ద్రవంలో కరిగించి పోయవలసి వచ్చేది. మనం పొగను పీలుస్తాం గాని తాగం!

1980ల చివరి నాటికి శాస్త్రజ్ఞులు దీనికి ఉపాయం కనిపెట్టారు. అర్థం కావాలంటే ఇడ్లీ రేకును తలచుకోండి. రేకుకు చిల్లులుంటాయి, దాని మీద తడిబట్ట, బట్ట మీద పిండి. కింద నుంచి ఆవిరి, పైన ఖాళీ. ఇక్కడా అంతే. చిన్న ప్లాస్టిక్ గిన్నెకు అడుగున పలుచని పొర ఉంటుంది. దానికి నిండా అర మైక్రాన్ కంటె సన్నని చిల్లులు. ద్రవం దాటుతుంది, కణం దాటలేదు. ఈ గిన్నెను కాస్త పెద్ద గిన్నెలో వేలాడేట్టు ఉంచి, పెద్ద గిన్నెలో పోషక ద్రవం పోస్తారు. పై గిన్నెలో శ్వాసనాళపు ఆధార కణాలను నాటుతారు. శస్త్రచికిత్స చేసినప్పుడు తీసివేసిన ముక్కల నుంచి, లేదా ముక్కు లోపల మెత్తని కుంచెతో తుడిచి ఈ కణాలను సేకరిస్తారు. అవి పొరంతా పరుచుకోగానే పైనున్న ద్రవాన్ని తీసేస్తారు. ఇక కణాలకు కింద నుంచి తిండి, పైనుంచి గాలి.

అప్పుడు జరిగేది చూడదగ్గది. గాలి తగిలిన కణాలు తమ చోటు తెలుసుకున్నట్టుగా మారటం మొదలుపెడతాయి. మూడు నాలుగు వారాల్లో కొన్నిటికి శైలికలు మొలుస్తాయి, కొన్ని శ్లేష్మం స్రవిస్తాయి, కొన్ని ఆధార కణాలుగానే అడుగున ఉండిపోతాయి. సూక్ష్మదర్శిని కింద పెడితే శైలికలు చకచకా కొట్టుకోవటం, దుమ్మురేణువు జిగురు మీద సాగిపోవటం కనిపిస్తుంది. శనగ గింజ పట్టేటంత గిన్నెలో మనిషి శ్వాసనాళపు ముక్క బతుకుతున్నదన్నమాట! నెలల తరబడి బతుకుతుంది.

కణం నొప్పిని ఎట్లా చెబుతుంది?

ఎలుక అయితే బరువు తగ్గుతుంది, రొప్పుతుంది, చస్తుంది. గిన్నెలో కణం తనకు హాని జరిగిందని ఎట్లా చెబుతుంది? దీనికి వాడే పరీక్షల్లో మూడు మీ స్థాయికి బాగా అర్థమవుతాయి.

మొదటిది మీకు తెలిసిన ఓమ్ నియమమే. ఆరోగ్యంగా ఉన్న పొరలో కణాలు పక్కపక్కన కుట్టేసినట్టు అతుక్కుని ఉంటాయి. ఉప్పునీటిలోని అయాన్లు వాటి మధ్య నుంచి సులువుగా దూరలేవు. పొరకు పైన ఒక ఎలక్ట్రోడు, కింద ఒక ఎలక్ట్రోడు పెట్టి (అప్పుడు పైన కూడా కాస్త ద్రవం పోస్తారు) బహు స్వల్పంగా ఏకాంతర విద్యుత్తు పంపితే నిరోధం ఎంతో తెలుస్తుంది. ఒక పొర నిన్న 900 ఓములు చూపి, మందు పడ్డాక ఇవాళ 150 ఓములే చూపిందనుకోండి. ఏమైనట్టు? కుట్లు ఊడిపోయాయి, గోడకు పగుళ్ళు పడ్డాయి. కణాలను చంపకుండా, కోయకుండా ఇంత సంగతి తెలిసింది!

రెండోది, చచ్చిన కణం నుంచి కారిపోయే ఎంజైమును కొలవటం. లాక్టేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము బతికున్న కణంలో లోపలే ఉంటుంది. కణత్వచం చిరిగితే బయట ద్రవంలోకి వస్తుంది. బయట ఎంత ఉంటే అంత నష్టం జరిగినట్టు.

మూడోది రంగు పరీక్ష. రిసాజురిన్ అనే నీలిరంగు పదార్థాన్ని బతికున్న కణాలు గులాబీ రంగుకు మారుస్తాయి. చచ్చిన కణాలు మార్చలేవు. ఈ రంగు పేరు పాల కేంద్రాల్లో పనిచేసేవారికి కొత్త కాదు. పాలలో సూక్ష్మజీవులు ఎంత ఎక్కువుంటే ఆ రంగు అంత త్వరగా మారుతుంది. అక్కడ రంగు మారితే పాలు చెడ్డవి. ఇక్కడ రంగు మారితే కణాలు క్షేమం. ఒకే రంగు, రెండు తీర్పులు!

వేరుశనగ చేను దాకా

ఇదంతా ప్రయోగశాల ముచ్చటేనా, నిజంగా దీన్ని నమ్మి ఎవరైనా నిర్ణయం తీసుకున్నారా అని మీరు అడగాలి. ఒక ఉదాహరణ చెబుతాను.

రాయలసీమలో వేరుశనగ పండించే ఇళ్ళలో పిల్లలకు ఆకుమచ్చ తెగులు తెలిసే ఉంటుంది. ఆకుల మీద గోధుమ రంగు, నల్లని మచ్చలు పడి ఆకు రాలిపోతుంది. దీనికి కొట్టే మందుల్లో క్లోరోథాలోనిల్ ఒకటి. అమెరికాలో కూడా ఈ మందును చాలాకాలంగా వాడుతున్నారు. ఇది తగిలిన చోటును మండించే గుణం కలది. పిచికారీ చేసేవాడు దాని తుంపరను పీలిస్తే ఏమవుతుంది? ఎలుకలకు పట్టిస్తే ముక్కులో, స్వరపేటికలో కణజాలం దెబ్బతిన్నట్టు కనిపించింది. మామూలుగా అయితే పైన చెప్పిన 90 రోజుల పరీక్ష చేయాలి. దానికి బదులుగా ఆ మందును తయారుచేసే సంస్థ మరొక దారి ప్రతిపాదించింది. తుంపర మొదట తగిలేది మనిషి శ్వాసమార్గపు పై పొరకు. ఆ పొరే గిన్నెలో ఉన్నప్పుడు ఎలుక ఎందుకు?

వాళ్ళు చేసిన పని రెండు భాగాలు. ఒకటి, గిన్నెల్లో పెంచిన మనిషి శ్వాసమార్గపు కణాల మీద మందును వేర్వేరు మోతాదుల్లో వేసి, పైన చెప్పిన మూడు పరీక్షలూ చేయటం. రెండు, మనిషి ముక్కు, నోరు, గొంతు, నాళాల ఆకారాన్ని కంప్యూటరులో గీసి, ఏ పరిమాణం గల తుంపర చుక్క ఎక్కడ వాలుతుందో లెక్కకట్టటం. ఈ రెండో భాగం లేకపోతే మొదటిది పనికిరాదు. ఎందుకంటే గిన్నెలో ఎంత వేశామో మనకు తెలుసు, గొంతులో ఎంత పడుతుందో తెలియాలి కదా!

లెక్క ఎట్లా ఉంటుందో ఊహించిన అంకెలతో చూద్దాం. గిన్నె వైశాల్యం మూడోవంతు చదరపు సెంటీమీటరు. అందులో 30 మైక్రోగ్రాముల మందు వేసినప్పుడు కణాలు దెబ్బతినటం మొదలైందనుకుందాం. అంటే చదరపు సెంటీమీటరుకు 90 మైక్రోగ్రాములు. ఒక రోజంతా పిచికారీ చేసిన మనిషి స్వరపేటిక మీద చదరపు సెంటీమీటరుకు 1 మైక్రోగ్రాము పడుతుందని కంప్యూటరు చెప్పిందనుకుందాం. రెంటికీ నడుమ 90 రెట్లు ఎడం. అది చాలునా, ఇంకా కావాలా? ఒక మనిషికీ మరో మనిషికీ ఉండే తేడాలు, ఉబ్బసం ఉన్నవారు, రోజూ ఈ పనే చేసేవారు, వీరందరినీ తలచుకుని నిర్ణయించాలి. ఇక్కడ గణితం ఆగి వివేచన మొదలవుతుంది.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈ పద్ధతిని 2018 డిసెంబరులో నిపుణుల సంఘం ముందు పెట్టి బహిరంగంగా చర్చింపజేసింది. తరువాత ఆ మందు వల్ల పీల్చేవారికి కలిగే ప్రమాదాన్ని అంచనా కట్టటంలో దీన్ని ఉపయోగించుకుంది. చేలో మందు కొట్టేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోమని మీ నాన్నగారికి చెప్పటం మాత్రం ఏ పరీక్ష ఫలితం కోసమూ ఆపకండి. ఆ గుడ్డ కంటె మంచి ముసుగు దొరికితే మరీ మంచిది.

ఊపిరి తీసే చిప్పు

గిన్నెలోని పొర కదలదు. మన ఊపిరితిత్తి ప్రతి ఊపిరికీ సాగి ముడుచుకుంటుంది. ఈ లోటును పూరించటానికి 2010లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో డాన్ హ్యూ, డోనాల్డ్ ఇంగ్‌బర్, వారి మిత్రులు ఒక చిన్న సాధనం చేశారు. అరచేతిలో ఇమిడే, రబ్బరులా సాగే పారదర్శకమైన సిలికోన్ ముక్క అది. దాని లోపల రెండు సన్నని కాలువలు, ఒకదానిపై ఒకటి. నడుమ 10 మైక్రాన్ల మందం గల చిల్లుల పొర. పొరకు పైన వాయుగోణి కణాలు, వాటికి గాలి. పొరకు కింద రక్తనాళపు కణాలు, వాటి పక్కగా రక్తం మాదిరి ప్రవహించే ద్రవం. రెండు పక్కలా ఖాళీ గదులు. ఆ గదుల్లోని గాలిని లాగితే పొర సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. అచ్చం ఊపిరి!

వారు అతి సూక్ష్మమైన సిలికా రేణువులను దానిపై వేసి చూశారు. పొర కదలకుండా ఉన్నప్పుడు కంటె, ఊపిరి తీస్తున్నట్టు సాగుతున్నప్పుడు ఆ రేణువులు కణాలకు ఎక్కువ హాని చేశాయి. రక్తం వైపుకూ ఎక్కువగా దాటాయి. అంటే కదలని గిన్నెలో చేసిన పరీక్ష ఆ హానిని తక్కువగా చూపించేదన్నమాట. ఇది చిప్పులో మాత్రమే జరుగుతున్నదా, నిజమైన ఊపిరితిత్తిలో కూడానా? తేల్చుకోవటానికి వారు చుంచెలుక ఊపిరితిత్తినే తీసి చూడవలసి వచ్చింది! అక్కడా అట్లాగే కనిపించింది. ఎలుకను తప్పించే సాధనానికి ఎలుకే సాక్షి సంతకం పెట్టిందన్నమాట. కొత్త తరాజు సరిగా తూస్తుందో లేదో పాత తరాజుతో పోల్చి చూడక తప్పదు. పాతదానికే దోషం ఉన్నప్పుడు ఎట్లా పోల్చాలన్నది ఈ శాస్త్రంలో అసలైన చిక్కు.

చేయలేని పనులు

గిన్నెను పొగిడి ఊరుకుంటే సగం పాఠం చెప్పినట్టే. కొన్ని పదార్థాలు ఊపిరితిత్తికి ఏమీ చేయకుండా రక్తంలోకి జారి, కాలేయంలో మార్పు చెంది, అక్కడ విషంగా తయారవుతాయి. గిన్నెలో కాలేయం లేదు. రోగనిరోధక కణాలు బయటి నుంచి పరుగెత్తి వచ్చి వాపు తెచ్చే తీరు చాలా గిన్నెల్లో కనిపించదు. 20 ఏళ్ళు రాళ్ళ దుమ్ము పీల్చిన క్వారీ కూలీకి వచ్చే జబ్బును నాలుగు వారాల గిన్నె ఎట్లా చూపగలదు? కొందరు రెండు మూడు అవయవాల చిప్పులను గొట్టాలతో కలిపి చూస్తున్నారు. పని సాగుతున్నది.

మరొక సంగతి చాలామంది చెప్పరు. కణాలను పెంచే ద్రవంలో తరచు ఆవుల కడుపులోని పిండాల రక్తం నుంచి తీసిన ద్రవాన్ని కలుపుతుంటారు. కబేళాలో దొరికేదే అది. కాబట్టి "జంతువు ప్రసక్తి లేని పరీక్ష" అన్న మాట విన్నప్పుడల్లా, గిన్నెలో ఏం పోశారని అడగటం మంచిది. ఆ ద్రవం అక్కరలేని పద్ధతులు కూడా ఇప్పుడు ఉన్నాయి.

చర్మం విషయంలో మాత్రం పని చాలా ముందుకు పోయింది. గిన్నెలో పెంచిన మనిషి చర్మంతో, పదార్థం చర్మాన్ని కాల్చేస్తుందో లేదో చెప్పే పరీక్షకు 2004లోనే అంతర్జాతీయ ఆమోదం దొరికింది. మన దేశంలో సౌందర్య సాధనాలను జంతువులపై పరీక్షించటాన్ని 2014లో నిషేధించారు. 2023లో కొత్త మందులకు సంబంధించిన నిబంధనలు సవరించి, మనిషి కణాలతో చేసే పరీక్షలకు, అవయవాల చిప్పులకు కూడా చోటు కల్పించారు. హైదరాబాదులో సి.సి.ఎం.బి. అని మనం పిలిచే పరిశోధన కేంద్రం 2020లో కరోనా వచ్చినప్పుడు బెంగుళూరుకు చెందిన ఐస్టెమ్ సంస్థతో కలిసి, మనిషి ఊపిరితిత్తి కణాలను పెంచి వాటిలో ఆ వైరసు ప్రవర్తనను చూడటానికి పూనుకుంది. వైరసు తన కొక్కెం తగిలించే గుర్తు మామూలు చుంచెలుక కణాల్లో మన కణాల్లో ఉన్నట్టు లేదు. అందుచేత అక్కడ మనిషి కణం అవసరం మరింత స్పష్టంగా కనిపించింది.

ఇక మీకో పని. ఒక కొత్త దోమల మందు ఉందనుకోండి. ఎలుకలపై చేసిన పరీక్షలో అది ముక్కును దెబ్బతీసింది, ఊపిరితిత్తికి ఏమీ కాలేదు. గిన్నెలోని మనిషి శ్వాసనాళపు పొరపై వేస్తే మర్నాటికి నిరోధం సగానికి పడిపోయింది, అయితే రిసాజురిన్ మాత్రం చక్కగా గులాబీ రంగుకు మారింది. కణాలు బతికే ఉన్నాయా? గోడ బాగానే ఉందా? ఈ మందును ఇంట్లో రాత్రంతా వెలిగించి పెట్టుకోవచ్చునని సీసాపై రాయటానికి మీరు ఒప్పుకుంటారా? ఒప్పుకోకపోతే ఇంకా ఏ పరీక్ష చేయమంటారు? నోటుబుక్కులో ఒక పేజీకి మించకుండా రాసి మీ సైన్సు మాస్టారికి చూపించండి.